పాత రోడ్‌స్టర్, కొత్త సెడాన్: ఏ తూకంతో తూచాలి?

రోడ్‌స్టర్ అంటే పైకప్పు లేని, లేదా వాన వచ్చినప్పుడు మాత్రం గుడ్డ కప్పు లాగి కట్టుకోగలిగిన, ఇద్దరే కూర్చునే, నేలకు దగ్గరగా సాగే చిన్న కారు. సెడాన్ అంటే ముందు ఇంజను, నడుమ మనుషులు, వెనక సామాను పెట్టుకునే డిక్కీ అని మూడు గదులుగా ఉండి, నలుగురైదుగురు తలుపులు బిగించుకొని చల్లగా ప్రయాణం చేసే కారు. ఈ రెండు నిర్వచనాలను పక్కపక్కన పెట్టి చూస్తేనే వీటిని పోల్చడం ఎంత చిక్కో అర్థమవుతుంది. అయినా చేతిలో నాలుగు డబ్బులు కూడిన కారు ప్రేమికుడికి ఏదో ఒకనాడు ఈ ప్రశ్న ఎదురుకాక తప్పదు: ఆ సొమ్ముతో కొత్త సెడాన్ కొనాలా, ఎన్నాళ్లనుంచో కన్నేసి ఉంచిన పాత ఓపెన్ కారును ఇంటికి తెచ్చుకోవాలా? ఇంట్లోవాళ్లు ఒకటి చెబుతారు, స్నేహితులు ఇంకొకటి చెబుతారు, మెకానిక్ ఆ రెండూ కాని మూడోది చెబుతాడు. ఈ సందిగ్ధంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. రెండు వేరు వేరు వస్తువులను ఒకే తక్కెడలో వేయడంవల్ల వచ్చిన ఇబ్బంది ఇది, తక్కెడ మారిస్తే చాలావరకు తీరిపోతుంది.

అందరూ చేసే మొదటి తప్పు పట్టిక గీయడం. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని ఎయిర్‌బ్యాగులు, డిక్కీలో ఎన్ని పెట్టెలు పడతాయి, అమ్మితే ఎంత వస్తుంది అని వరసలు రాసుకుంటే ప్రతి వరసలోనూ సెడానే గెలుస్తుంది, గెలవాలి కూడా, ఎందుకంటే ఆ వరసలన్నీ సెడాన్ చేసే పనుల జాబితాలోంచి తీసినవే. పట్టిక చూసి సెడాన్ కొన్నవాడికి రోడ్‌స్టర్ మీద మనసు చావదు; పట్టికను పక్కకు తోసి రోడ్‌స్టర్ కొన్నవాడు జూలై వానలో తడిసిన సీటు చూసి మూడు నెలల్లో దాన్ని అమ్మకానికి పెడతాడు. సెడాన్‌ను అది తీర్చే ప్రయాణాలతో కొలవాలి. రోడ్‌స్టర్‌ను దానికి యజమాని ఇవ్వగల గంటలతో కొలవాలి. ఈ అధ్యాయంలోని సూచనలన్నీ ఈ ఒక్క భేదం మీదనే ఆధారపడి ఉన్నాయి.

బెజవాడ చుట్టుపక్కల రోడ్‌స్టర్ అంటే ఏది?

ఇంగ్లండులో 1955 నుంచి 1962 వరకు తయారైన ఎంజీఏ, 1962 నుంచి 1980 వరకు తయారైన ఎంజీబీ, ఆ సంవత్సరాల్లోనే వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ ఈ కోవకు ప్రామాణికమైన ఉదాహరణలు. కృష్ణా డెల్టాలో ఇవి బహు అరుదు గాని, వీటి దాయాదులు మాత్రం ఇక్కడి రోడ్ల మీద దశాబ్దాలపాటు తిరిగాయి. అంబాసిడర్‌లో హిందుస్థాన్ మోటార్స్ చాలాకాలం అమర్చిన 1489 సీసీ పెట్రోలు ఇంజను, ఎంజీఏలో మొదట వచ్చిన 1489 సీసీ ఇంజను, ఎంజీబీలోని 1798 సీసీ ఇంజను, మూడూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ ‘బి సిరీస్’ అని పిలిచిన ఒకే ఇంజను కుటుంబానికి చెందినవి. అలాగే మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ 1961 నుంచి తయారుచేసిన స్టాండర్డ్ హెరాల్డ్‌కు మూలం ట్రయంఫ్ హెరాల్డ్. దాని ఛాసిస్‌ను, అంటే బాడీని మోసే కింది ఇనుప చట్రాన్ని, పొట్టిచేసి దాని మీదనే ఇంగ్లండులో స్పిట్‌ఫైర్‌ను నిర్మించారు.

ఈ వంశవృక్షంవల్ల కొనుగోలుదారుడికి ఒరిగేదేమిటి? చాలా ఒరుగుతుంది. 1960ల్లో ఏర్పడి, లారీల బాడీ కట్టడంలోనూ ఇంజను పనిలోనూ దక్షిణాదిలో పేరు మోసిన విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో అంబాసిడర్ ఇంజను విప్పి బిగించిన చేతులు ఇంకా ఉన్నాయి, ఆ చేతులకు ఎంజీబీ ఇంజను బొత్తిగా పరాయిది కాదు. పాత ఓపెన్ కారు కొనాలనుకునేవాడికి ఈ ఊరు ఇచ్చే అసలైన వరం అదే.

ఇక చేయవలసిన పనులు.

1. ఒక నెలపాటు ప్రయాణాల పుస్తకం రాయాలి.

చిన్న నోటుపుస్తకం ఒకటి తీసుకొని, ఇప్పుడున్న వాహనంలోనో ఆటోలోనో బస్సులోనో చేసిన ప్రతి ప్రయాణానికి తేదీ, వేళ, ఎక్కడికి, ఎంతమంది, సామాను ఎంత, వేళకు చేరవలసిన తొందర ఉందా అన్న ఆరు వివరాలు రాసుకోవాలి. పటమటలో ఉండే నలుగురి కుటుంబం ఒకటి ఉందనుకుందాం. ఉదయం పిల్లల బడి, పది గంటలకు బెంజి సర్కిల్ మీదుగా ఆఫీసు, వారానికొకసారి గన్నవరం విమానాశ్రయం, నెలకొకసారి 275 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదు, మధ్యలో మచిలీపట్నంలో ఒక పెళ్లి, ఆ పెళ్లికి అమ్మమ్మ, పట్టుచీరల పెట్టె, అరిసెల డబ్బా. ఈ పుస్తకంలో ఒక్కరో ఇద్దరో, ఎండ ముదరకముందో పొద్దువాలాకో, ఏ తొందరా లేకుండా, సామాను లేకుండా చేసిన ప్రయాణాలెన్ని? రోడ్‌స్టర్ లెక్కలోకి వచ్చేవి అవి మాత్రమే. అటువంటివి నెలకు నాలుగు కూడా లేకపోతే, ఆ కోరికను కాదనకుండా ఇంకొన్నాళ్లు వాయిదా వేయడం మంచిది. ఇంటికి ఒకే కారు ఉండబోతుంటే అది సెడానే కావాలి. ఈ విషయంలో రెండో అభిప్రాయానికి చోటు లేదు.

2. డెల్టా సంవత్సరాన్ని కళ్లముందు పెట్టుకోవాలి.

ఇంగ్లండు వాతావరణానికి పుట్టిన కారు కృష్ణా తీరాన ఎన్ని రోజులు సుఖంగా నడుస్తుంది? మార్చి నుంచి జూన్ సగం దాకా ఎండ, తర్వాత అక్టోబరు దాకా వాన, ఆపైన తుపానుల కాలం. ఇవి పోగా నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా, అదీ ఉదయం రెండు మూడు గంటలు, కప్పు తీసి నడపడానికి దేవుడిచ్చిన కాలం. ఆ కాలంలో బందరు కాలవ పక్కనో కరకట్ట మీదో మంచుతెరలోంచి వెళ్లే ప్రయాణానికి సాటి వచ్చేది ఏ కొత్త కారులోనూ లేదని గట్టిగానే చెప్పవచ్చు. మిగిలిన దాదాపు తొమ్మిది నెలలూ కారు చాలావరకు షెడ్డులోనే ఉంటుందని ముందే ఒప్పుకున్నవాడే దాన్ని చివరిదాకా ఉంచుకుంటాడు.

మే నెల మధ్యాహ్నం అదే కారును రైల్వే గేటు దగ్గరో, పట్టణంలోని సిగ్నల్ దగ్గరో ఆపితే జరిగేది కొంచెం వివరంగా తెలుసుకోవాలి. ఇంజను పక్కనే పెట్రోలు పంపు ఉన్న పాత కార్లలో, ఇంజను వేడికి పైపులోని పెట్రోలు మరిగి ఆవిరవుతుంది. పంపు ద్రవాన్ని తోయగలదు గాని ఆవిరిని తోయలేదు కనుక కార్బురేటర్‌కు, అంటే పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే భాగానికి, ఏమీ అందక ఇంజను దగ్గి ఆగిపోతుంది. దీన్నే వేపర్ లాక్ అంటారు. అంబాసిడర్, ఫియట్ నడిపిన పాత డ్రైవర్లు డిక్కీలో ఒక పాతగుడ్డ, నీళ్ల సీసా ఉంచుకొని, బానెట్ ఎత్తి, తడిగుడ్డను పంపు మీద కప్పి, పది నిమిషాలు చెట్టునీడన నిలబడి, మళ్లీ సెల్ఫ్ కొట్టి బయలుదేరేవారు. ఆ పది నిమిషాలు కొనుగోలుదారుడికి ఓర్పుగా గడుస్తాయా, ప్రాణసంకటంగా గడుస్తాయా? కొత్త సెడాన్‌లో పెట్రోలును ట్యాంకులోనే ఉన్న కరెంటు పంపు ఒత్తిడితో పంపుతుంది, ఇంజక్టర్లు కంప్యూటర్ చెప్పినంత కొలిచి చల్లుతాయి, అందుచేత దాని యజమానికి వేపర్ లాక్ అన్న మాటే తెలియనక్కరలేదు. ఇది చిన్న సౌకర్యం కాదు, ముఖ్యంగా వెనక సీట్లో పసిపిల్ల ఉన్నప్పుడు.

3. తుప్పును రంగు మీద వెతకకూడదు, రంగు కింద వెతకాలి.

సముద్రానికి దగ్గరగా, కాలవల నడుమ, ఏడాదిలో సగం గాలిలో తేమ ఉండే ప్రాంతంలో పాత కారుకు మొదటి శత్రువు తుప్పు. మచిలీపట్నం, అవనిగడ్డ వైపు ఆరుబయట నిలిపి ఉంచిన కారైతే మరీ జాగ్రత్త. తళతళలాడే కొత్త పెయింటు చూసి బయానా ఇచ్చేయడం కొనుగోలుదారులు చేసే తప్పుల్లోకెల్లా ఖరీదైనది, ఎందుకంటే మంచి టింకరింగ్ పనివాడు చిల్లుపడ్డ రేకు మీద పుట్టీ పెట్టి రంగు వేస్తే పై చూపుకు దొరకదు. గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతాన్ని తలుపుల కింది అంచు వెంట, చక్రాల మీది వంపుల వెంట నెమ్మదిగా జరుపుతూ పోవాలి. అది గట్టిగా పట్టుకున్నచోట రేకు ఉంది, జారిపోయినచోట పుట్టీయే ఉంది. తర్వాత కాళ్ల కింది మ్యాటు ఎత్తి బొటనవేలితో నేలరేకును నొక్కాలి. కరకరమన్నా, గోధుమరంగు పొడి వేలికి అంటినా, అక్కడ ఇనుము సగం పోయిందని అర్థం. పైకప్పున్న కారులో బాడీ బరువును కప్పు కూడా పంచుకుంటుంది. రోడ్‌స్టర్‌లో ఆ బరువంతా నేలరేకు, తలుపుల కింది దూలాలే మోస్తాయి కనుక, అక్కడి తుప్పు అందానికి సంబంధించిన లోపం కాదు, కారు నడుముకు పట్టిన జబ్బు. తలుపు తెరిచి మూసేటప్పుడు అది చట్రానికి రాసుకుంటుంటే ఆ నడుము అప్పటికే వంగిందని గ్రహించి, ధర ఎంత తగ్గించినా వెనుదిరగాలి.

4. ప్రాణరక్షణ దగ్గర మొహమాటం వద్దు.

భారతదేశంలో కొత్త కార్లకు డ్రైవరు ఎయిర్‌బ్యాగు 2019 జూలై నుంచి తప్పనిసరి అయింది. పక్కసీటుకు కూడా ఉండాలన్న నియమం 2021లో వచ్చింది. కార్లను గోడకు గుద్దించి నక్షత్రాలిచ్చే భారత్ ఎన్‌క్యాప్ పరీక్ష 2023 అక్టోబరులో మొదలైంది. గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఇప్పటి సెడాన్లన్నిటిలోనూ ఉంటుంది. 1960ల రోడ్‌స్టర్‌లో ఇవేవీ ఉండవు, పల్టీ కొడితే తలమీద కప్పు కూడా ఉండదు. జాతీయ రహదారి మీద లారీల మధ్య రాత్రిపూట దాన్ని నడపడం సాహసం అనిపించుకోదు. ఎంజీబీ ఎత్తు లారీ చక్రానికి కాస్త పైన మాత్రమే ఉంటుంది కాబట్టి లారీ డ్రైవరుకు అది కనబడకపోవచ్చు. పిల్లలను దానిలో బడికి తీసుకువెళ్లకూడదు, ఒడిలో కూర్చోబెట్టుకొని అసలే కూడదు. సెడాన్ కొనేవారు కూడా రంగు, తెర సైజు అడిగే ముందు ఆ మోడలుకు వచ్చిన నక్షత్రాలెన్నో అడగాలి.

5. కారుకన్నా ముందు మెకానిక్‌ను వెతకాలి.

ఇది చాలామంది తలకిందులుగా చేస్తారు. ఆటోనగర్‌లో నాలుగు షెడ్లు తిరిగి, కార్బురేటర్ ట్యూనింగ్, పాయింట్లు సరిచేయడం తెలిసిన పెద్దమనిషిని పట్టుకోవాలి. పాయింట్లు అంటే డిస్ట్రిబ్యూటర్ మూత కింద తెరుచుకుంటూ మూసుకుంటూ స్పార్కు పుట్టించే రెండు చిన్న లోహపు మొనలు. వాటి మధ్య ఎడం సుమారు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి, అరుగుతున్నకొద్దీ ఆ ఎడం మారిపోతుంది, కారు మొరాయిస్తుంది. ఫీలర్ గేజ్ అనే పల్చని ఇనుప రేకును ఆ సందులో పెట్టి లాగితే, వెన్నలో కత్తి దిగినట్టు కాక, చిన్న పట్టుతో జారి రావాలి. ఈ పట్టును యజమాని తన వేళ్లతో నేర్చుకోవాలి. అరగంట పని, ఒక ఆదివారం నేర్చుకుంటే జీవితాంతం ఉంటుంది. ఇటువంటి పని మీద ఇష్టం లేనివారు, చేతికి గ్రీజు అంటడం సహించలేనివారు, రోడ్‌స్టర్‌ను ఇతరుల దగ్గర చూసి ఆనందించడమే మేలు. అందులో చిన్నతనం ఏమీ లేదు. సెడాన్‌కు కంపెనీ సర్వీసు సెంటరు చాలు.

పెట్రోలు సంగతి కూడా మెకానిక్‌తో మాట్లాడవలసినదే. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తున్నది. పాతకాలపు రబ్బరు పైపులను, వాషర్లను అది మెత్తబరుస్తుంది, గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. ఇథనాల్‌కు తట్టుకునే పైపులు ముందే మార్పించాలి, ట్యాంకు నింపి నెలల తరబడి కదపకుండా ఉంచకూడదు. వారానికొకసారి పది కిలోమీటర్లు తిప్పడం సరదాకు మాత్రమే కాదు, కారు ఆరోగ్యానికి కూడా.

6. కాగితాలు ఇంజనంత ముఖ్యం.

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత అయిదేసి ఏళ్లకొకసారి పరీక్షకు చూపించి పొడిగించుకోవాలి. యాజమాన్యం మార్పుకు ఫారం 29, 30. వేరే రాష్ట్రం నుంచి తెస్తే అక్కడి రవాణా శాఖ నిరభ్యంతర పత్రానికి ఫారం 28. ఇక 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం 50 ఏళ్లు దాటి, రూపం పెద్దగా మారని కారును వింటేజ్ వాహనంగా నమోదు చేసుకోవచ్చు. నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి, రుసుము 20,000 రూపాయలు, చెల్లుబాటు పదేళ్లు. ఆకర్షణీయంగానే ఉంది, కాని ఈ నమోదు పొందిన కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు తప్ప మామూలు రాకపోకలకు వాడకూడదు. ప్రతి ఆదివారం కరకట్ట మీద తిప్పాలన్న ఆశ ఉన్నవాడు మామూలు రిజిస్ట్రేషన్‌నే పొడిగించుకోవడం ఉత్తమం.

ఛాసిస్ నంబరు మీద తెల్లకాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు అచ్చుపడతాయి. ఆ కాగితాన్ని ఆర్‌సీ పక్కన పెట్టి ఒక్కొక్క అంకె చూడాలి. ఒక్క అంకె తేడా ఉన్నా, అమ్మకందారుడు ఎంత దగ్గరివాడైనా, అడ్వాన్సు ఇవ్వకూడదు.

7. వరదను లెక్కలో వేసుకోవాలి.

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, బుడమేరు పొంగి సింగ్‌నగర్ వంటి పేటలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, కార్లు బానెట్‌ దాకా మునిగిన దృశ్యాలు ఈ ఊరివారు మరిచిపోలేరు. మునిగిన కారు ఏదైనా సరే, నీరు తీశాక వెంటనే స్టార్ట్ చేయడం ఘోరమైన తప్పు: సిలిండర్‌లో చేరిన నీటిని పిస్టన్ నొక్కలేక కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. పాత కారులో అయితే ప్లగ్గులు విప్పి, నీరు కక్కించి, ఆయిల్ మార్చి, తీగలు ఆరబెట్టి తిరిగి బతికించే అవకాశం ఎక్కువ. సెడాన్‌లో కంప్యూటర్లు, సెన్సార్లు, సీట్ల కింది తీగల కట్టలు తడిస్తే బాగుచేసే ఖర్చు కారు విలువను మించవచ్చు, అందుచేత సెడాన్‌కు సమగ్ర బీమాతోపాటు ఇంజను రక్షణ అన్న అదనపు పాలసీ తీసుకోవాలి. పాత కారు విలువ బీమా కంపెనీ పట్టికలో ఉండదు. ఇరుపక్షాలూ మాట్లాడుకొని ఎంత అనుకుంటే అంతే, ఆ అంకెను పాలసీ మీద రాయించుకోవాలి. రెండింటికీ పనికొచ్చే జాగ్రత్త ఒకటుంది: వాన ముసురు పట్టగానే కారును మెరక మీదికి చేర్చడం.

8. రెండింటినీ ఒకే దారిలో, రెండు వేళల్లో నడిపి చూడాలి.

షోరూము చుట్టూ తిప్పే అయిదు నిమిషాల టెస్ట్ డ్రైవ్ దేనికీ చాలదు. సెడాన్‌ను ఎండ మండే మధ్యాహ్నం ఒంటిగంటకు, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకొని, బెంజి సర్కిల్ రద్దీలో నడపాలి. ఏసీ వెనక సీటు దాకా ఎంతసేపట్లో చల్లబరిచింది, స్పీడ్ బ్రేకర్ల మీద నడుము తగిలిందా, పెద్దవాళ్లు చేతి ఆసరా లేకుండా దిగగలిగారా అన్నవి గమనించాలి. రోడ్‌స్టర్‌ను చలికాలపు ఉదయం ఆరింటికి, యనమలకుదురు దాటి తోట్లవల్లూరు వైపు కరకట్ట మీద, 50 కిలోమీటర్ల వేగం మించకుండా నడపాలి. నేలకు అయిదంగుళాల దరిదాపుల్లో ఉన్న ఆ కారు అడుగు ఎక్కడెక్కడ రాసుకుంటుందో, రోడ్డు మీద వడ్లు ఆరబోసినచోట చక్రం జారకుండా పక్కకు తీయగల చోటుందో లేదో, గేరు మార్చేటప్పుడు ఏ గేరులో గరగరమంటుందో, అరగంట తర్వాత వేడి ముల్లు ఎక్కడ నిలిచిందో నోటుపుస్తకంలో రాసుకోవాలి.

ఆ రెండో సీట్లో జీవితంలో ఎక్కువసార్లు కూర్చోబోయే మనిషినే, అంటే భార్యనో భర్తనో తోబుట్టువునో, వెంట తీసుకువెళ్లాలి. గాలి హోరులో మాటలు వినబడవు, జుట్టు చెదురుతుంది, పెట్రోలు వాసన బట్టలకు పడుతుంది. తోట్లవల్లూరులో ఇంజను ఆపి, టీ తాగి, ఇక్కడినుంచి వెనక్కి పోదామా, అవనిగడ్డ దాకా వెళ్దామా అని ఆ మనిషిని అడగాలి. అప్పుడు వచ్చే జవాబును నోటుపుస్తకంలో అన్ని లెక్కలకన్నా పైన రాసుకోవాలి.